సోడా గ్యాసా, గ్రీన్ గ్యాసా

హనుమాండ్లు కుడిచెయ్యి ఎనిమిది నెలలుగా మూగనోము పట్టింది. పక్షవాతం వచ్చిపోయాక కాలు కుదురుకుంది, మాట ముద్దముద్దగానైనా తిరిగొచ్చింది. చెయ్యి కూడా లేవమంటే లేస్తుంది, పట్టుకోమంటే పట్టుకుంటుంది. ఏం పట్టుకుందో మాత్రం ఆయనకు చెప్పదు. కళ్లతో చూస్తే తప్ప గ్లాసు చేతిలో ఉందో జారిపోయిందో తెలియదు.

అన్నం దగ్గర మరీ ఘోరం. పప్పు కలిపితే వేడి తెలియదు, నెయ్యి జిడ్డు తెలియదు. వేళ్లకు తెలియని ముద్ద నాలుకకేం రుచిస్తుంది? భార్య భూలక్ష్మి స్పూను తెచ్చి ఇచ్చింది. స్పూనుతో తినే మనిషా హనుమాండ్లు! రోజూ సగం అన్నం వదిలేసి లేచిపోయేవాడు. చేతికి స్పర్శ రావాలి, తన వేళ్లతో తాను అన్నం కలుపుకుని తినాలి. దేవుణ్ణి ఆయన అడిగింది అంతే.

ఆ దిగులులోనే ఒక కల మొదలైంది. ఇరవై ఏడేళ్లు బేగంపేటలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషి. ఒక్కనాడూ దాన్ని పేల్చే అవసరం రాలేదు, ఏ దొంగా ఆయనకు ఆ మర్యాద చేయలేదు. కలలో మాత్రం పేలుతుంది. చప్పుడేమీ ఉండదు. అరచేతిలో ఒక దెబ్బ తగులుతుంది, గట్టిగా, హాయిగా. మెలకువ వచ్చి చూసుకుంటే చెయ్యి పరుపు మీద పరాయిదానిలా పడి ఉండేది.

పగలు కూడా ఆ కల పూర్తిగా వదిలేది కాదు. రోజూ నడవమని డాక్టరు చెబితే పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచేవాడు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, పుస్తకాల బ్యాగులు, ఆటోల హారన్లు ఎక్కడో దూరంగా, నిద్రలో వినబడ్డట్టు జరిగిపోయేవి. ఒక మధ్యాహ్నం అలా పోతుంటే రెండో అంతస్తు కిటికీలోంచి "కాకా!" అని పిలుపు వినిపించింది.

పిలిచింది మానస, వాళ్ల గల్లీ పిల్ల. జావా నేర్చుకుంటానని అమీర్‌పేట వచ్చి, జావాను మధ్యలో వదిలేసి, ఆ బిల్డింగులోనే ఒక టార్గెట్ రూమ్ పెట్టింది. గ్యాసుతో పనిచేసే ఉత్తుత్తి పిస్టళ్లు, ప్లాస్టిక్ గుళ్లు, ఎదుటి గోడకు కాగితపు గురి. సాయంత్రమైతే ఆఫీసులవాళ్లు వచ్చి, మేనేజర్ల మీది కోపాన్ని ఆ కాగితం మీద తీర్చుకుని పోతారు.

మెట్లెక్కి కూర్చున్నాక హనుమాండ్లు తన కల చెప్పాడు. "ఒక్కసారి పేల్చాలె బిడ్డా. నా చేతికి దెబ్బ తెల్వాలె."

ఇంకొకరైతే నవ్వేవారు. మానస నవ్వకుండా రెండు పిస్టళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గిది సోడా గ్యాస్‌ది కాకా. సోడాల నురగొస్తది సూడు, గదే గ్యాసు. గీ వేలంత సిలిండర్ల ఉంటది. మస్తు జోరు. గిదేమో గ్రీన్ గ్యాస్‌ది. డబ్బాకెల్లి గీ పిడిల దూరే ఇనుప మ్యాగజైన్ల నింపుడు. మెత్తగ కొడ్తది. నీకైతే గిదే మంచిగుంటది."

"గ్రీన్ గ్యాసంటే ఆటోలల్ల పోస్తరు, గదేనా?"

"గది సీఎన్‌జీ కాకా!" ఈసారి నవ్వు ఆగలేదు ఆమెకు. "దీనికి రంగు సుత లేదు. ఉత్త పేరే."

"మెత్తది నాకెందుకు? దెబ్బకోసమొస్తే! సోడాదే ఇయ్యి."

తాను కళ్లద్దాలు పెట్టుకుని, ఆయనకూ పెట్టి, గోడవైపు నిలబెట్టి, పిస్టల్ చేతికిచ్చింది. హనుమాండ్లు పేల్చాడు. పిస్టల్ పైభాగం టక్కున వెనక్కి తన్నింది. మోచెయ్యి అదిరింది, భుజం అదిరింది. అరచేతిలో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ పేల్చాడు, మళ్లీ మళ్లీ పేల్చాడు. ఏడోసారికి నేలమీద ఏదో పడిన చప్పుడైంది. ఏమిటా అని చూస్తే పిస్టలే. అది ఎప్పుడు జారిందో ఆయనకు తెలియనే లేదు.

ఇన్నాళ్లూ కలలోనైనా దెబ్బ తగిలేది, ఇక అదీ తగలదనిపించింది. "పోత బిడ్డా" అన్నాడు మెట్లవైపు తిరిగి.

"అలిగి పోతవా? గీ మెత్తది సుత ఒకసారి సూసి పో." డబ్బా తలకిందులు చేసి మ్యాగజైన్‌లోకి సుయ్‌మని గ్యాసు నింపింది మానస.

పిల్ల మనసు నొప్పించడమెందుకని హనుమాండ్లు పేల్చాడు. ఆశ లేదు గనక ఆగకుండా పేల్చాడు. చేతి చుట్టూ సన్నని తెల్లటి ఆవిరి తేలింది. ఇరవై గుళ్ల తర్వాత పిస్టల్ నీరసించి సగంలో ఆగిపోయింది.

"గీ గ్యాస్‌తోటి గిదే లొల్లి. జల్ది అలసిపోతది. ఆగు, ఇంకోటి తెస్త." మ్యాగజైన్ ఊడదీసి ఆయన కుడి అరచేతిలో పెట్టి, మానస అలమర వైపు తిరిగింది.

కిటికీ ఎత్తులో మెట్రో రైలు పోతోంది. అద్దాల వెనక మనుషులు నిలబడే కునుకు తీస్తున్నారు. హనుమాండ్లు వాళ్లనే చూస్తున్నాడు. అప్పుడు ఎక్కడినుంచో చలి వచ్చింది. ఏసీ గాలి అనుకున్నాడు, కానీ ముఖానికి తగలడం లేదు. అది కుడివైపు నుంచి, వేళ్ల మొదళ్ల నుంచి మణికట్టు దాకా, సన్నగా, నింపాదిగా ఎక్కుతోంది. లోపలి గ్యాసు ఆవిరవుతూ ఇనుములోని వేడినంతా లాగేసుకుందని ఆయనకు తెలియదు. తాను చెయ్యివైపు చూడలేదని మాత్రం తెలుసు. చూస్తే ఎక్కడ పోతుందోనని భయమేసి, రైలు వెళ్లిపోయినా ఖాళీ పట్టాల మీదనుంచి చూపు తిప్పలేదు. కన్నీళ్లు ఆగలేదు.

"సల్లగ…" అన్నాడు ముద్దమాటతో. "సల్లగ…"

మానస వెనక్కి తిరిగింది. కళ్లనీళ్లతో పెద్దాయన సల్లగ అంటున్నాడు. ఇక పోతూ పోతూ దీవిస్తున్నాడనుకుంది. తన కళ్లద్దాలు తీసి దగ్గరికొచ్చి తల వంచింది. "నీ దీవెన చాలు కాకా. ఫికర్ చెయ్యకు."

"దీవెన గాదు బిడ్డా!" ఏడుస్తూ నవ్వాడు హనుమాండ్లు. "చెయ్యి. నా చేతికి సల్లగున్నది."

మానస వంచిన తల ఎత్తకుండా, మంచుపట్టిన ఆ మ్యాగజైన్‌నూ, దాని చుట్టూ బిగుసుకున్న వేళ్లనూ చూస్తూ ఉండిపోయింది.

"ఇంకోటి నింపు" అన్నాడాయన, ఇంకా కిటికీవైపే చూస్తూ. "మెత్తదే నింపు."