సగం కూడు

నల్లవాళ్ళు మొదటిసారి ఓటేసే ఎన్నికలు దగ్గరపడుతున్నాయని, ఏం గొడవలవుతాయోనని మా మెరీబ్యాంక్‌ పేటలో ఆడవాళ్ళంతా కొవ్వొత్తులు, బీన్స్ డబ్బాలు కొని దాచుకుంటుంటే, నా మొగుడు రంగస్వామి కోడి మెడలు కొనుక్కొచ్చాడు. కోడి మెడలు, కార్జం, గుండెకాయలు. వంటింటి బల్ల నిండా పరిచి, తూకం వేసి, ఏ రోజుది ఆ రోజుకి ప్లాస్టిక్ సంచుల్లో కట్టాడు. మా కోసం కాదు, మా కుక్క బ్రూనో కోసం.

"పచ్చి మాంసం పెడితే మంచిదే," అన్నాను. "కానీ ఇదేం కొలత? పశువుల డాక్టరు రోజుకి ముప్పావు కిలో చెప్పాడు. ఇందులో సగమే ఉంది."

"సగమే. కావాలనే," అన్నాడు కత్తి తుడుచుకుంటూ. "నెత్తురు రుచి తగలాలి, కడుపు నిండకూడదు. అప్పుడే కుక్కకి రోషం. ఓటింగయ్యాక వాళ్ళు గేటు దూకి వస్తే మనల్నెవరు కాస్తారు?"

వాళ్ళు! నాకు ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళంటే ఎవరు? మాడ్లామిని కూడానా?"

మాడ్లామిని ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం మా ఇంట్లో బట్టలుతికి ఇస్త్రీ చేసే జూలూ ఆవిడ. బ్రూనో కూనగా వచ్చినప్పుడు గుడ్డపీలిక పాలలో ముంచి దాని నోట్లో పిండింది ఆవిడే.

"ఎవరు మనవాళ్ళో కుక్కే చూసుకుంటుంది," అన్నాడాయన. ఫ్రీజర్‌కి తాళం వేసి చెవి జేబులో పడేసుకున్నాడు. ఇంకెవరూ దానికి రొట్టెముక్క కూడా వెయ్యకూడదట.

తాతల కాలంలో ఈ దేశానికి వలసొచ్చిన మా ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లీషే. తెలుగు మిగిలింది దేవుడికీ తిట్లకీ. మా అత్త ఆదెమ్మ తిట్లకి దిగింది. "ఒరే సచ్చినోడా, నోరులేని జీవం కడుపు కాలుస్తావా? ఉసురు తగులుద్దిరా నీకు!"

తల్లి మాట వినేవాడైతే నా మాటా వినేవాడే. నేను దొంగచాటుగా పెట్టిన అన్నం గిన్నెని కూడా కాలితో తన్నేశాడు. వారం తిరిగేసరికి బ్రూనో డొక్కలు బయటపడ్డాయి. గేటు దగ్గర గొలుసుకి కట్టేసి ఉండి, గాలి కదిలినా మొరిగేది. అది విని ఆయన మురిసిపోయేవాడు.

శుక్రవారం నేను బస్టాపుకే వెళ్ళి మాడ్లామినికి జరుగుతున్నదంతా చెప్పేశాను.

"నా చేతి పాలు తాగింది. అది నన్ను కరుస్తుందా అమ్మా?" అంది.

"అది కరవదు. దాని ఆకలి కరుస్తుంది. ఇంటికి వెళ్ళిపో, కూలి ఇచ్చేస్తాను," అన్నాను. ఆవిడ వినలేదు. చేతిలో రొట్టె సంచి పట్టుకుని నా పక్కనే నడిచింది.

గేటు తీశాను. బ్రూనోకి గొలుసు లేదు. రంగస్వామి వరండాలో చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు, అదేదో పరీక్ష అయినట్టు.

నేను అడ్డం వెళ్ళేలోపే కుక్క మాడ్లామిని మీదికి దూకింది. సంచి లాక్కుంది. రొట్టెని కాగితంతో సహా మింగుతూ, తోక ఊపుతూ, మధ్యమధ్య ఆవిడ చెయ్యి నాకింది. "హావు, బ్రూనో," అని తన భాషలో జాలిపడుతూ ఆవిడ దాని డొక్కలు తడిమి చూసింది. ఆ కళ్ళలో నీళ్ళు చూసి నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

రంగస్వామి మొహం మాడిపోయింది. "థూ, తిండిపోతు!" అంటూ పరిగెత్తుకొచ్చి కుక్క నోట్లో చెయ్యి పెట్టి రొట్టె లాగాడు. అప్పుడు కరిచింది బ్రూనో. వారం ఆకలంతా ఆ ఒక్క కాటులో చూపించింది.

ఓటు రోజు మా పేట స్కూలు ముందు క్యూ రోడ్డు చివరిదాకా ఉంది. ఎక్కడైనా ఓటు వెయ్యొచ్చు కాబట్టి మాడ్లామిని కూడా వచ్చి మా అత్త వెనక నిలబడింది. ముందున్న పొరుగింటి ఎరాల్ నా మొగుడి చేతి కట్టు చూసి అడిగాడు, "చేతికేమైంది రంగా?"

"గోడ దూకొచ్చారు," అన్నాడు నా మొగుడు గొంతు తగ్గించి. "బ్రూనో వదల్లేదనుకో. ఆ గలాటాలో నాకూ తగిలింది. వాళ్ళ సంగతి నీకు తెలుసుగా."

ఎరాల్ తలాడించాడు. ఆ పక్కవాళ్ళూ ఆడించారు. మాడ్లామినికి ప్రతి మాటా వినిపించింది. ఆవిడ నా వైపు చూసింది.

"ఎవరూ దూకలేదు!" అని అరిచాను. క్యూ మొత్తం తిరిగి చూసింది. "ఈవిడ మీదికి వదలడానికి కుక్కని వారంపాటు మాడ్చాడు నా మొగుడు. అది ఈవిడ రొట్టె తిని ఈవిడ చెయ్యి నాకింది. నోటికాడ కూడు లాగినందుకు ఈయన్ని కరిచింది. లాగితే ఎవరైనా కరుస్తారు!"

"అట్టా చెప్పవే," అంది మా అత్త తెలుగులో, గట్టిగా.

"ఇంటికి పద, నీ సంగతి చెప్తా," అన్నాడు రంగస్వామి పళ్ళు కొరుకుతూ. అంటూనే ఏదో గుర్తొచ్చి, కట్టు లేని చేత్తో జేబు తడుముకున్నాడు.

ఫ్రీజర్ తాళంచెవి నా మెడలో తాళి పక్కన ఉంది.

"బ్రూనోకి పొద్దున్నే ముప్పావు కిలో పెట్టొచ్చాను," అన్నాను. "నీ కంచంలో ఎంత పెట్టాలో ఓటేసొచ్చి చూస్తాను."