ముందు మొహం తీసుకోండి

షూటింగ్ ఫ్లోర్‌లో కోర్టు సెట్ లేదు.

పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. జడ్జి బల్ల లేదు, బోను లేదు. బూడిదరంగు తెర, దాని ముందు ఒక స్టూలు, రెండు లైట్లు. అంతే.

ఆయన ఈ సినిమా ఒప్పుకున్నదే కోర్టు సీను కోసం. తన కొడుకుని చంపినవాణ్ణి వదిలెయ్యమని ఒక తండ్రి బోనులో నిలబడి అడుగుతాడు. నాలుగు పేజీల డైలాగు. ఒకప్పుడు ఆయన హీరో. తర్వాత హీరోకి తండ్రి, ఆ తర్వాత తాత, ఈమధ్య గోడమీద ఫొటో. ఇన్నాళ్ళకు మళ్ళీ నోటికి పని దొరికింది. అద్దం ముందు నిలబడి ఆ నాలుగు పేజీలూ అరగదీశాడు. కడుపునొప్పిని కూడా లెక్కచెయ్యలేదు.

"సెట్ ఏదయ్యా?"

"వడ్రంగులు ఆలస్యం చేశారు సార్," అన్నాడు డైరెక్టరు. "ఖాళీగా కూర్చోవడం ఎందుకని, చిన్న చిన్న క్లోజప్‌లు లాగించేద్దాం."

డైరెక్టరు కుర్రాడు, మర్యాదస్థుడు. మర్యాద మోతాదు మించినవాడు ఏదో ఒకటి దాస్తాడని పెద్దాయన అనుభవం. అయినా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎడమవైపు చూడండి సార్. కొడుకు కనిపించాడు... బాగుంది. కుడివైపు. లాయరు అబద్ధం ఆడాడు, కోపం... బాగుంది. కాస్త కన్నీళ్ళు... చాలు. ఒక నవ్వు కూడా ఇచ్చెయ్యండి."

"నవ్వు ఏ సీనుకి?"

"ఎక్కడో అక్కడ పనికొస్తుంది సార్. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఊపిరి బిగపట్టండి. ఆస్పత్రి సీను."

"కథలో ఆస్పత్రి లేదే?"

"రాస్తున్నాం సార్."

పెద్దాయన కళ్ళు మూసుకోలేదు. కెమెరా వెనక చీకట్లో కూర్చున్న మనిషిని చూశాడు. తన ఒంటిమీదున్న కాఫీరంగు కోటే అతని ఒంటిమీదా ఉంది. అందరూ అతన్ని పిలిచేది 'వీపు' అని. అసలు పేరు యూనిట్‌లో ఎవరికీ తెలియదు. పెద్దాయన హీరోగా ఉన్న రోజుల నుంచీ ఆయనకు డూప్. దూకేది అతను, దొర్లేది అతను, వెనుదిరిగి నడిచి వెళ్ళిపోయేది అతను. ఇద్దరిదీ ఒకే పొడుగు, అవే భుజాలు. బట్టతల కూడా పోటీపడినట్టు ఒకేచోట మొదలైంది. కానీ ఈ సినిమాలో దూకడం, దొర్లడం ఎక్కడా లేవు. మరి వీపుకి ఏం పని?

జవాబు పెద్దాయనకు తెలుసు. ఈ పద్ధతి కనిపెట్టింది తనే.

చాలా ఏళ్ళ కిందటి ఒక సినిమాలో విలన్ పేరుమోసిన ముసలి నటుడు. లివరు పాడై పసుపుపచ్చగా తిరిగేవాడు. హీరోగా తన మాటకు ఎదురులేని రోజులవి. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ముందు ఆయన మొహం తీసి పెట్టుకోండి. ఒళ్ళు ఎవడిదైనా అతుకుతుంది," అని డైరెక్టరుకు చెవిలో ఊదాడు. ముసలాయన పొద్దుపోయేదాకా నవ్వమంటే నవ్వి, ఏడవమంటే ఏడ్చి, అందరికీ నమస్కారం పెట్టి మరీ ఇంటికెళ్ళాడు. సినిమా విడుదలకు ముందే పోయాడు. మిగతాది ఇంకొకడి ఒంటితో తీశారు, జనం తేడా పట్టుకోలేదు. ఆ కథని పెద్దాయన ఎన్ని విందుల్లో చెప్పి నవ్వించాడో.

స్టూలు మీంచి లేచి సరాసరి మేకప్ గదిలోకి వెళ్ళాడు. కూతురు ఫోన్లో ఎవరికో డేట్లు చెబుతోంది. ఆయన పనులన్నీ చూసేది ఆమే.

"అమ్మడూ, డాక్టరు ఏమన్నాడు?"

"గ్యాస్ అన్నాడుగా నాన్నా. మందులు వేసుకుంటున్నావుగా."

"గ్యాస్‌కి ఇన్ని క్లోజప్‌లు దేనికమ్మా?"

ఆమె ఫోను పెట్టేసింది. అద్దంలో ఆయన వైపు చూసింది.

"వచ్చే నెలకి నువ్వు ఉండకపోవచ్చన్నారు," అంది. "వీళ్ళకి చెప్పక తప్పలేదు. సగంలో ఏమన్నా అయితే నీ వేషం మొత్తం తీసేసి ఇంకొకరితో తీస్తారు. ఇలాగైతే పోస్టరు మీద నువ్వుంటావు."

"వాళ్ళకి చెప్పక తప్పలేదు. నాకు చెప్పక తప్పిందా?"

"అమ్మ పోయేముందు నేను షూటింగ్‌కి ఫోన్ చేశాను. గుర్తుందా?"

ఆయన కోటు గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"షాట్ అయ్యాక చెప్పమన్నావు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే మాట. నేను నీ దగ్గరే నేర్చుకున్నాను నాన్నా. షాట్ అయ్యాక చెబుదామనుకున్నాను."

గొంతు పెంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు. బ్రష్ తీసుకుని ఆయన నుదుటిమీద చెమటకు కరిగిన పౌడరు సరిచేసింది. పెద్దాయన కూడా మొహం కదపకుండా ఉన్నాడు. అది అలవాటు.

"కోర్టు సీనో?"

"వచ్చే నెల వీపుతో తీస్తారు. వెనక నుంచి. మధ్యమధ్యలో నీ క్లోజప్‌లు వేసుకుంటారు."

వచ్చే నెల అన్న మాట ఆయనకు ఇప్పుడు అర్థమైంది. చావంటే భయం వేసింది, కానీ అంతకంటే ముందు కోపం వచ్చింది. ఆ నాలుగు పేజీలు తనవి.

వీపు ఫ్లోర్ బయట మెట్లమీద కూర్చుని టీ తాగుతున్నాడు. పెద్దాయన వెళ్ళి పక్కనే కూర్చున్నాడు.

"తమ్ముడూ, నాకో సాయం కావాలి." తమ్ముడూ అనడం అదే మొదలు. "కోర్టు సీను చెయ్యనని చెప్పు. ఇలాంటి ఒళ్ళు మళ్ళీ వాళ్ళకి దొరకదు. చచ్చినట్టు ఇవాళే నాతో తీస్తారు."

వీపు టీ గ్లాసు మెట్టుమీద పెట్టాడు. "మేడమీంచి దూకి నేను తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు మీరేమన్నారో గుర్తుందా అన్నగారూ?"

"ఏమన్నాను?"

"నాతో ఏమీ అనలేదులెండి. డైరెక్టరుగారితో అన్నారు. ఇంకో వీపుని తెప్పించండి, వెలుతురు పోతోందని." వీపు నవ్వాడు. "ఆ నాలుగు పేజీలూ నేనూ బట్టీ పట్టాను. డబ్బింగు కూడా నాతోనే చెప్పిస్తారట. ఇన్నేళ్ళూ విని విని మీ గొంతు నాకొచ్చేసింది. మీకే పోయింది."

"నేను పోతున్నానురా."

"తెలుసండీ. నాకు పోయిన వారమే చెప్పారు."

పెద్దాయన లోపలికి నడిచాడు. డైరెక్టరు ముందు నిలబడి బేరం తేల్చేశాడు.

"కోర్టు సీను ఇప్పుడే చేస్తాను. బోను లేకపోతే స్టూలు పట్టుకుని చేస్తాను. మొత్తం ఒకే షాటు. అది తీస్తేనే నీ ఆస్పత్రి సీనుకి శవం దొరుకుతుంది. లేదంటే కళ్ళు మూసుకునేది మా ఇంట్లోనే, నీ కెమెరా ముందు కాదు."

డైరెక్టరు ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె భుజాలు ఎగరేసింది. కెమెరా తిరగడం మొదలైంది.

"అయ్యా, నా కొడుకు చెడ్డవాడు. ఆ సంగతి చంపినవాడి కంటే ముందు నాకు తెలుసు..."

మొదటి పేజీ ఎలా గడిచిందో ఎవరికీ తెలియలేదు. లైటు పట్టుకున్నవాడు కూడా నోరు తెరుచుకుని వింటున్నాడు. బూడిదరంగు తెర కోర్టయింది, స్టూలు బోనయింది. పెద్దాయన అది పసిగట్టాడు. కడుపులో కత్తి తిరుగుతున్నా ఊపిరి పీల్చి రెండో పేజీ అందుకున్నాడు.

"వాణ్ణి పెంచింది నేను. వాడి చేత తన్నులు తిన్నది నేను. ఈ కుర్రాడు..."

గొంతు రాలేదు. మాట గుర్తుంది, పెదాలమీదికి వచ్చింది, వెనక గాలి లేదు. డైరెక్టరు కట్ చెప్పలేదు. కూతురు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది.

"ఈ కుర్రాడు, నేను చెయ్యలేని పని చేశాడు," అన్నాడు పెద్దాయన గొంతుతో ఎవరో.

కెమెరా వెనక చీకట్లో వీపు నిలబడి ఉన్నాడు. కంగారు లేదు, తడబాటు లేదు. వయసులో ఉన్నప్పుడు పెద్దాయనకు ఉండే ఆ బరువైన గొంతు, ఆ విరుపు, అన్నీ ఉన్నాయి. పెద్దాయన స్టూలు వదిలేసి వెళ్ళిపోవచ్చు. వెళ్తే మొదటి పేజీ కూడా చెత్తబుట్టలోకి పోతుంది. ఆయన పెదాలు కదిపాడు. వీపు మాటకు తన మూతి అతికించాడు. వీపు ఆగినచోట ఆగాడు, వీపు గొంతు వణికినచోట కళ్ళు తడిచేసుకున్నాడు. నాలుగో పేజీ చివరిదాకా అలాగే లాక్కొచ్చాడు.

"ఓకే," అన్నాడు డైరెక్టరు.

చప్పట్లు మోగాయి. పెద్దాయన తలవంచి అందుకున్నాడు. తలెత్తి చూస్తే అందరూ ఆయనకు వీపు పెట్టి, చీకట్లోకి తిరిగి చప్పట్లు కొడుతున్నారు. కూతురు కూడా.

కాసేపటికి ఆయనకు గుసగుసలాడేపాటి గొంతు వచ్చింది.

"మూడో పేజీలో తొందరపడ్డావు. నా పెదాలు అందుకోలేదు. మళ్ళీ చేద్దాం."

"నేను తొందరపడలేదు అన్నగారూ, మీరే వెనకబడ్డారు," అన్నాడు వీపు. "పర్లేదు, ఈసారి మీ మూతి చూసుకుంటూ మెల్లిగా చెబుతాను."

"అలాగే," అన్నాడు పెద్దాయన. నాలుకతో పెదాలు తడిచేసుకుని స్టూలు పట్టుకున్నాడు.