పొడుగు కాలు

ల్యాబ్ తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన సైన్స్ టీచర్ ఆనందకుమారి ముక్కుకు కొట్టింది. ఎనిమిదో తరగతి పిల్లలు తయారుచేసిన గ్యాస్ అలారం బోర్డులన్నీ మాడిపోయి ఉన్నాయి.

మధ్యాహ్నమే ప్రదర్శన. ప్రిన్సిపాల్ వచ్చి చూసి, అక్కడికక్కడే దోషిని తేల్చేశారు. ప్రదర్శన జట్టులోంచి తీసేశారని బిందుప్రియ నిన్న గొడవపడింది. చివర్లో ల్యాబ్‌కు తాళం వేసింది కూడా ఆ పిల్లేనని ల్యాబ్ అసిస్టెంట్ గౌరీశంకర్ చెప్పాడు.

"ఒప్పుకోకపోతే సాయంత్రానికల్లా టీసీ చేతికిస్తాను," అనేసి ప్రిన్సిపాల్ వెళ్లిపోయారు.

బిందుప్రియ గోడకు అతుక్కుపోయింది. గోల్‌మురి క్వార్టర్స్‌లో హిందీ మాట్లాడుతూ పెరిగిన పిల్ల. అలారం మోగించే ప్రోగ్రామ్ సగం తనే రాసింది.

"నువ్వేనామ్మా?" అని అడిగింది ఆనందకుమారి.

"మైనే నహీ కియా, మేడమ్." తను చేయలేదంటూ పిల్ల తల అడ్డంగా ఊపింది.

గౌరీశంకర్ బోర్డులను అట్టపెట్టెలో పడేస్తున్నాడు. "ఇంకా అడగడమేటి మేడమ్? కోపమొత్తే పిల్లలు ఏటైనా సేత్తారు. ఇయి పారేసి వత్తన్నా."

"ఆగు. ఒకటిలా ఇవ్వు."

ఆనందకుమారి బోర్డును తిప్పి చూసింది. బ్యాటరీ ఎర్ర తీగ మైనస్‌లో ఉంది, నల్లది ప్లస్‌లో. ఇంకొకటి తీసింది. అదీ అంతే. తీగల కొసలు శుభ్రంగా మెలిపెట్టి, స్క్రూలు గట్టిగా బిగించి ఉన్నాయి. పాడుచేయాలనుకునేవాళ్లకు ఇంత ఓపికెక్కడిది? ఎవరో సరిగ్గా చేస్తున్నామనుకునే చేశారు.

బిందుప్రియ తొంగిచూసింది. "యే కైసే? కాలా తో మైనస్ మే జాతా హై."

కాలా. హిందీలో నలుపు. నల్ల తీగ మైనస్‌లోకి కదా వెళ్లాలంటోంది పిల్ల.

ఆనందకుమారికి నిన్నటి ఫోన్ గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం సాక్చి బజారులో, షేర్ ఆటోలోంచి తను గౌరీశంకర్‌కు ఫోన్ చేసింది. బజర్లు, బ్యాటరీలు బిగించమంది. బజర్‌కు రెండు కాళ్లుంటాయి. పొడుగుది ప్లస్‌లో పెట్టాలి. హారన్ల మోతలో గొంతు చించుకుని చెప్పింది: పొడుగు కాలు ప్లస్‌కి, కాలు ప్లస్‌కి. అవతలివాడు రేపు పొద్దున చేస్తానన్నాడు.

"శంకర్, నిన్న ఫోన్‌లో నేనేం ప్లస్‌లో పెట్టమన్నాను?"

గౌరీశంకర్ పెట్టె కింద పెట్టాడు. బిందుప్రియ వైపు చూడలేదు.

"కాలా అన్నారు మేడమ్. రేపటిదాకా ఎందుకని నిన్ననే కూకున్నాను. నల్లది ప్లస్‌కేటి అనుకున్నాను గానీ, మీరు రెండుమాట్లు సెప్పినారు. అన్నీ బిగించి ఒక్కసారే స్విచ్చేసినాను. పొగ. నెలాకరికి నా కాంట్రాక్టు అయిపోద్ది, బయమేసింది. నల్ల తీగ తెలీక పెట్టినాను. పిల్ల తాళమేసిందని అబద్దం సెప్పినాను సూడండి, అది మాత్రం తెలిసే సేసినాను."