పాఠకుల బీరువా తాళం

నేను ఒక తాళంకప్పను. పైన ఇత్తడి పూత, లోపల నాసిరకం ఇనుము. సుత్తితో గట్టిగా ఒక్కటిస్తే ఊడిపోతాను. ఆ సంగతి నాకు తెలుసు, నన్ను చూసి ఆగిపోయే మనుషులకే తెలియదు.

గోదావరి పక్క ఓ చిన్న పట్నంలో, శాఖా గ్రంథాలయం నడిపే అన్నమణి గారు నన్ను కొన్నారు. సభ్యుల చిరునామా కార్డులుండే బీరువాకి వేసి, తాళంచెవి కొంగున కట్టుకునేవారు.

ఎరువుల కొట్టు పేర్రాజు భార్య నాగవేణి అక్కడికి చదువుకోవడానికి వచ్చేది. నడివేసవిలో కూడా పొడుగు చేతుల జాకెట్టే. ఎందుకో అన్నమణి గారు అడగలేదు, అడగక్కర్లేకపోయింది. ఒకరోజు ఆ పిల్ల ఇల్లు వదిలేసింది. చేతిలో ఉన్న పుస్తకం పోస్టులో పంపుతానని, కార్డు మీద కొత్త చిరునామా రాయించి మరీ వెళ్లింది. ఇంత నిజాయితీ మనుషులకి ప్రమాదం.

వారం తిరక్కుండా పేర్రాజు ఎస్సైని వెంటబెట్టుకొచ్చాడు. పెళ్లాం వెళ్లిపోయిందని ఫిర్యాదు రాసివ్వడానికి ఆయనకి పరువు అడ్డొచ్చింది. కేసే లేకుండా పేర్రాజు జీపెక్కి రావడానికి ఎస్సైకి ఏ పరువూ అడ్డు రాలేదు.

కార్డు చూపించమన్నాడు ఎస్సై. కోర్టు ఉత్తర్వు తెస్తే ఆ ఒక్క కార్డూ చూపిస్తానని, చదువరుల వివరాలు నోటిమాట మీద ఇవ్వనని అన్నమణి గారు చెప్పారు. అంతా ఆడకూతురి క్షేమం కోసమేనన్నాడు ఎస్సై. పేర్రాజు పొడి కళ్లు తుడుచుకున్నాడు. ఈలోగా గ్రంథాలయ కమిటీ అధ్యక్షుడి ఫోను: పోలీసులతో మనకెందుకు, ఇచ్చెయ్యమని. చదువు గొప్పతనం మీద మైకు దొరికితే గంట మాట్లాడే మనిషి ఆయన.

ఎస్సై జీపులోంచి సుత్తి తెప్పించాడు.

"మీరు తీస్తారా, నన్ను కొట్టమంటారా?"

"కొట్టండి సార్. ఆపే బలం నాకు లేదు," అన్నారు అన్నమణి గారు. తెల్లకాయితం, పెన్ను బల్ల మీద పెట్టారు. "కొట్టాక మాత్రం, ఎవరి ఉత్తర్వు మీద కొట్టారో ఇందులో రాసి సంతకం పెట్టండి. సాక్షి సంతకం పేర్రాజు గారు పెడతారు."

ఆడమనిషి మీద చెయ్యెత్తడానికి ఏనాడూ జంకని పేర్రాజు, ఆ ఖాళీ కాయితాన్ని చూసి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. ఎస్సై సుత్తి దించేశాడు. ఆవిడ సంగతి తర్వాత చూస్తానన్నాడు.

చూశాడు కూడా. అన్నమణి గారికి ఎక్కడో గోదావరి మధ్య లంకలోని శాఖకి బదిలీ వచ్చింది. ఆవిడ వెళ్లేలోపే పోస్టులో పుస్తకం వచ్చింది, సభ్యత్వం రద్దు చేయమన్న ఉత్తరంతో సహా. రద్దయిన సభ్యుల కార్డులు ఉంచకూడదని నిబంధన. అన్నమణి గారు డిపాజిట్ మనియార్డరు కట్టి, కార్డు ముక్కలు ముక్కలుగా చింపేశారు.

కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ మర్యాదస్థుడు. ఎస్సైకి, పేర్రాజుకి టీ తెప్పించి, తన చేత్తోనే నన్ను తీశాడు. ముగ్గురు మగాళ్లూ మోకాళ్ల మీద కూర్చుని, సాయంత్రం దాకా కార్డులు తిరగేశారు. ఇన్నాళ్ల నా కొలువులో అంత శ్రద్ధగా చదివినవాళ్లని నేను చూడలేదు.

ఆ బీరువాకి ఇక తాళం అక్కర్లేదని నన్ను తీసేశారు, ఇప్పుడు పాత ఇనుప కొట్లో పడి ఉన్నాను. అన్నమణి గారు లంకలో మరో బీరువాకి మరో తాళం కొన్నారని విన్నాను.