ముప్పై ఆరో పట్టు

వాన వెలిసింది. పెరటి ఇటుకల్లో రెండు గుంటలు. రెండింటిలో నీళ్ళు...

నాన్న పాదాల గుంటలవి. నలభై ఏళ్ళు రోజూ పొద్దున్నే అక్కడే నిలబడి అడుగు వేస్తే పడ్డాయి.

"కుంగ్‌ఫూ అంటే తన్నడం కాదే. ఒక పనిలో పోసిన కాలం. మీ అమ్మ పిసికే పిండిలోనూ ఉంది," అనేవాడు.

"అయితే రేపట్నుంచి నువ్వు పిసుకు, నేను తంతాను," అనేది అమ్మ.

ముత్తాతలు కాలువ మీద సరుకు పడవలకు కాపలా కాసేవాళ్ళు. దొంగల చేతిలో చావకుండా ఇల్లు చేరడానికి పుట్టిన విద్య మాది. ముప్పై ఆరు పట్లు.

కొడుకులకే నేర్పేది.

నాన్నకు నేనొక్కదాన్నే. "ఆడపిల్ల, పరాయి ఊరు పోయేది," అని ఊళ్ళో కుర్రాడు బావోషాన్‌ని శిష్యుడిగా పెట్టుకున్నాడు. ముప్పై ఐదు నేర్పాడు. చివరిది దాచుకోవడం మా వైపు గురువుల ఆచారం — శిష్యుడి మనసు తెలిసేదాకా.

నేను మిద్దె మీద రేగుపళ్ళు ఎండబెట్టేదాన్ని. తిరగేస్తూ తిరగేస్తూ చూసేదాన్ని — కింద నాన్న ఒంటరిగా ఆ చివరి పట్టు వేయడం. ఏడేళ్ళు చూశాను. వంటింటి తలుపు వేసుకుని నేనూ వేసేదాన్ని.

తర్వాత పక్షవాతం. నాన్న కుడి చేయి పడిపోయింది.

ఒక పొద్దున పిలిచాడు. "యున్‌చిన్... మిద్దె మీంచి చూసేదానివి కదమ్మా. చివరిది... వచ్చా నీకు?"

"నాకేం తెలుసు నాన్నా? పరాయి ఊరు పోయేదాన్ని."

ఎడమ చేత్తో నా తల నిమిరాడు. "నిజమేలే," అన్నాడు.

మంచు పడకముందే పోయాడు. విద్య తనతోనే పోతోందనుకుని పోయాడు.

నేను చూస్తున్నానని ఆయనకు అన్నేళ్ళూ తెలుసు. చూడనిచ్చాడు... అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

బావోషాన్ ఇప్పుడు ఊరి పిల్లలకు ముప్పై ఐదే నేర్పుతాడు. "ఇంకోటి ఉండేదటగా అక్కా, నీకేమైనా తెలుసా?" అని అడిగాడొకసారి. తెలియదన్నాను. నాన్నతో రాదన్నదాన్ని అతనితో వచ్చని ఏ మొహంతో చెప్పను?

చివరి పట్టు దెబ్బ కాదు. ఎదుటివాడి గుండె దాకా వెళ్ళిన చేయి వెంట్రుకవాసిలో ఆగి, వెనక్కి రావడం.

అదొక్కటే, నాన్న అడిగిన ఆ పొద్దున, నా మాటతో నేను చేయలేకపోయాను.

ఇవాళ చెప్పులు విడిచి గుంటల్లో నిలబడ్డాను. నా పాదాలకు అవి పెద్దవి. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

చేయి లేచింది. వెళ్ళింది. ఆగింది... వెనక్కి వచ్చింది.

తలెత్తి మిద్దె వైపు చూశాను. ఎవరూ లేరు.

రెండు గుంటల్లో నీళ్ళు కదులుతున్నాయి.