గట్టిగా చదవని పిల్ల

మా ఆవిడ అయిదో తరగతికి చెబుతుంది. నేను ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. మా అమ్మాయి వాళ్లమ్మ క్లాసులోనే చదువుతుంది. బడి గేటు దాటగానే అమ్మ కాస్తా టీచర్ అయిపోతుంది, మళ్లీ గేటు బయటికి వస్తేగానీ అమ్మ కాదు. ఈ నియమం పెట్టింది మా ఆవిడే. ఒకసారి మా అమ్మాయి క్లాసులో నోరు జారి "అమ్మా, పెన్సిల్" అంది. పెన్సిల్ దొరకలేదు సరికదా, క్లాసంతా నవ్వింది.

ఆ బడికి ఈ ఏడాది ట్యాబ్‌లు వచ్చాయి. ట్యాబ్ ముందు కూర్చుని పాఠం పైకి చదివితే, అది విని నక్షత్రాలు ఇస్తుంది. బాగా చదివినవాళ్లకు ఎక్కువ, చదవలేనివాళ్లకు తక్కువ. వాటిని తెప్పించాలని పట్టుబట్టిందీ, ఇప్పుడు వాటి బాగోగులు చూసేదీ మా బావమరిది. అదే బడిలో కంప్యూటర్ మాస్టరు. మా మేడ మీద గదిలో ఉంటాడు, భోజనం మాత్రం మాతోనే.

నక్షత్రాలు చూశాక హెడ్మాస్టరు గారికి ఒక ఆలోచన వచ్చింది. అయిదో తరగతిని రెండు గదులు చేస్తే? నక్షత్రాలు ఎక్కువున్నవాళ్లు సూర్య జట్టు, మిగతావాళ్లు చంద్ర జట్టు. పేర్లు ఎంత మర్యాదగా పెట్టినా, ఎవరు ఏమిటో పిల్లలకు ఆ పూటే తెలిసిపోయింది. ట్యాబ్‌లు అందరికీ చాలవు కాబట్టి అవి సూర్య జట్టుకు వెళతాయి. వాటితోపాటు మా ఆవిడ కూడా. చంద్ర జట్టుకు కొత్త టీచరు దొరికేదాకా ఆటల మాస్టరు చూసుకుంటాడు. ఆ జాబితా చదివి వినిపించడానికి శనివారం తల్లిదండ్రుల్ని రమ్మన్నారు.

"ఆటల మాస్టరు చదువెలా చెబుతాడు?" అని అడిగాను.

"ఈల వేసి" అంది ఆవిడ. నవ్వింది గానీ, ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

మా అమ్మాయి పేరు సూర్య జట్టులో, అదీ అందరికంటే పైన ఉంది. నాకు లోలోపల చాలా సంతోషమైంది. నేను రోజూ పొద్దున్నే ప్రార్థనకు కూర్చునే మనిషిని. ఆ రోజు మామూలు కంటే కాస్త ఎక్కువసేపే కూర్చున్నాను.

మంగళవారం సాయంత్రం ఒకావిడ నీలం ప్యాంటు పట్టుకుని వచ్చింది. వాళ్లాయన గోడౌన్‌లో రాత్రి కాపలా చేస్తాడు. కొత్తగా ఇచ్చిన యూనిఫాం ఆయనకు పొడుగైందట. ఎంత తగ్గించాలో ఆవిడ చెబుతోంది, నాకు ఒక్క ముక్క వినపడటం లేదు. "ఆఁ? ఆఁ?" అని చివరికి మిషన్ ఆపి, చెవి అటు పెడితేగానీ తెలియలేదు. ఆవిడ కొంగు పట్టుకుని వాళ్లమ్మాయి నిలబడింది. మా అమ్మాయి క్లాసే. క్లాసులో అందరూ ఆ పిల్లను 'గుసగుస' అంటారు. చంద్ర జట్టులో చిట్టచివరి పేరు.

పిల్లలిద్దరూ లోపలి గదిలో చేరి మా అమ్మాయి కథల పుస్తకం తెరిచారు. కాసేపటికి మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ గది గుమ్మంలో ఆగిపోయింది. నావైపు తిరిగి, నోటి మీద వేలు పెట్టి రమ్మంది. నేనూ వెళ్లి నిలబడ్డాను.

గుసగుస చదువుతోంది. మొదట పెదవులు కదలడమే కనిపించింది. తర్వాత మాట అందింది. ముసలి ఏనుగు మాట్లాడితే ఒక గొంతు, దానికి ఎదురుచెప్పే చీమకు ఇంకో గొంతు. చీమ రోషపడ్డ చోట నిజంగా రోషం. కథలో ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అంతా గాలి ఊదినంత చప్పుడుతో! మా అమ్మాయి నోరు తెరుచుకుని వింటోంది. మేం పుస్తకం చదివించబోతే ఎప్పుడూ అలా కూర్చోలేదది.

మా ఆవిడ ఉండబట్టలేక, "ఏదీ, గట్టిగా చదువమ్మా" అంది.

పిల్ల పుస్తకం మూసేసింది.

"మన్నించండి టీచర్" అంది వాళ్లమ్మ, మెల్లగా. "మా ఇంట్లో గట్టిగా మాట్లాడే అలవాటు లేదండి. ఒకటే గది. ఆయన తెల్లారి వచ్చి పడుకుంటారు. ఇది పుట్టినప్పటినుంచీ ఇంతే. చిన్నప్పుడు ఏడుపు కూడా మెల్లగానే ఏడ్చేది."

"మరి ఆయన లేచాక?"

"ఆయన లేచాక ఇంక మా మాట ఎవరికి వినపడుతుందండీ! ఆయన గొంతు వీధి చివరిదాకా వెళుతుంది."

వాళ్లు వెళ్లాక మా ఆవిడ మా అమ్మాయిని పిలిచి, "నీకు బోలెడు నక్షత్రాలు తెచ్చిన పాఠం చదువు" అంది.

మా అమ్మాయి పుస్తకం తీసి అందుకుంది. స్టేషన్‌లో ఆగని రైలే. కామాలు, చుక్కలు కిటికీలోంచి కనబడి వెనక్కి పోతున్నాయి. పేజీ పూర్తిచేసి, మెచ్చుకోమన్నట్టు నావైపు చూసింది.

"బాగుంది. కుందేలు ఎందుకు ఏడ్చింది?" అని అడిగింది వాళ్లమ్మ.

మా అమ్మాయి తల గోక్కుంది. "అందులో కుందేలు ఉందా?"

భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తగానే బావమరిది చెయ్యి ఊపేశాడు. "అక్కా, అదేం పెద్ద విషయం! మైకు చెవుడు అది. లోపల ఒక మీట ఉంటుంది, పెంచితే సరి. రేపు పొద్దున్నే చేసేస్తా."

"ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదురా?"

"ఎవరూ చెప్పలేదు కదా."

"గుసగుస చెప్పే ఉంటుంది. నీకు వినపడి ఉండదు" అన్నాను నేను.

"బావా, నువ్వు ప్యాంట్లు కుట్టుకో, నన్ను కుట్టకు" అన్నాడు వాడు.

అన్న మాట ప్రకారం మర్నాడు మీట పెంచాడు. గుసగుస చదివింది. ట్యాబ్ నిండా నక్షత్రాలు వెలిగాయి. వాడు సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. "చూశావా అక్కా? యంత్రానికి పక్షపాతం ఉండదు. సరిగా వినిపిస్తే సరిగా చెబుతుంది. ఆ పిల్లను సూర్య జట్టులో వేయించేశా. అయిపోయింది."

"ఏం అయిపోయిందిరా? అది ప్యాంటు కోసం మా ఇంటికి రాబట్టి నాకు తెలిసింది. ప్యాంటు పొడుగు కాని ఇళ్ల సంగతేమిటి?"

వాడు ఈల మానేసి మేడ మెట్లెక్కాడు.

ఆ తర్వాత మా ఆవిడ మధ్యాహ్నం విశ్రాంతి మానేసింది. చంద్ర జట్టు పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించింది. ట్యాబ్ లేదు, నక్షత్రాలు లేవు. ఇంటికొచ్చి ఒక్కొక్కరి సంగతే చెప్పేది. ఒక పిల్ల ఇంట్లో మాట్లాడే భాష వేరు, రెండు మూడు అక్షరాలు దాని నోట్లో వేరుగా పలుకుతాయి. అర్థం మాత్రం పూర్తిగా తెలుసు. ట్యాబ్ ఆ అక్షరం దగ్గర ఎర్రగీత గీసి ముందుకు కదలదు. ఇంకొకడికి దూరంగా బోర్డైతే కనిపిస్తుంది, దగ్గరి ట్యాబ్ అక్షరాలు అలుక్కుపోతాయి, కళ్లద్దాలు కావాలి. మరొకడికి ట్యాబ్ ఎప్పుడూ చివర్న వస్తుంది, అప్పటికి గంట కొడతారు. ఇంకొకడు ఉన్నాడు. వాడికి నిజంగానే చదవడం రాదు. ఇన్నాళ్లూ పక్కవాడు చదివింది విని, గుర్తుపెట్టుకుని అప్పజెప్పాడు, వినని పాఠం వచ్చినప్పుడే నక్షత్రాలు తగ్గాయి.

"వాడు ఎంత తెలివైనవాడో చూశారా?" అంది ఆవిడ.

"చదవడం రానివాడా?"

"వినగానే పేజీ పేజీ అప్పజెబుతాడండీ! వాడికి అక్షరాలొస్తే ఇంక వాడిని పట్టుకోలేం. ఇన్నాళ్లు నేనూ వాడి గొంతు విని సరేలే అనుకున్నాను. యంత్రాన్ని ఏమనను? అది నేను విన్నట్టే విన్నది."

"ఇప్పుడేం చేస్తావు?"

"జాబితా చదవనివ్వను."

నేను మిషన్ మీద గుడ్డ సర్దుతున్నట్టు నటించాను. "మరి మన పిల్ల? సూర్య జట్టులో పైన ఉంది కదా."

"అదే పాఠం, అదే టీచర్. దానికి పోయేదేముంది?"

"పేరు."

"ఆ పేరు దానికి కావాలా, మీకా?" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. అందుకే ఇంకా తగిలింది.

శనివారం పొద్దున ప్రార్థనకు కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. నా కూతురు ముందుండాలని రోజూ అడుగుతాను. అలా అడిగినప్పుడల్లా ఇంకొకరి కూతురు వెనకుండాలని అడిగినట్టేనా? నాకు తెలియదు, పెద్ద చదువు చదువుకున్నవాణ్ణి కాను. ఒక్కటి మాత్రం తోచింది. నేను ఎప్పుడూ పెదవి కదపకుండానే దేవుడితో మాట్లాడతాను. గట్టిగా అడగమని ఆయన ఒక్కనాడూ అనలేదు. ఆ రోజు మా అమ్మాయి కోసం ఏమీ అడగకుండా లేచాను.

బడికి వెళ్లేసరికి గది నిండిపోయింది. తల్లిదండ్రులు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. రాత్రి కాపలా ఆయన డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, వెనక గోడకు తల ఆనించి కునుకుతున్నాడు. ఫ్యాన్లు కరకరమంటున్నాయి. హెడ్మాస్టరు గారు జేబులోంచి కాగితం తీశారు.

"సార్, దానికి ముందు ఒక పిల్ల కథ చదువుతుంది" అంది మా ఆవిడ. ఆయన కాదనేలోపే గుసగుసను ముందుకు పిలిచింది.

పిల్ల మొదలుపెట్టింది. ఎవరికీ ఏమీ వినపడలేదు.

"గట్టిగా, గట్టిగా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మా ఆవిడ పిల్ల వైపు చూడలేదు. వెళ్లి ఫ్యాన్లు ఆపింది. వీధివైపు కిటికీ మూసింది. "అందరూ కాస్త ముందుకు జరగండి" అంది. బెంచీలు కిర్రుమన్నాయి, దగ్గులు ఆగాయి. చేతిలో తాళాలగుత్తి గలగలలాడిస్తున్న నా పక్కాయన దాన్ని పిడికిట్లో బిగించాడు. అప్పుడు ఆ పిల్ల గొంతు గదిలోకి వచ్చింది.

ఏనుగు మాట్లాడింది. చీమ ఎదురుచెప్పింది. చెమట కారుతున్నా ఎవరూ కదల్లేదు. హెడ్మాస్టరు గారు కాగితం అలాగే పట్టుకుని ముందుకు వంగారు. చీమ గెలిచిన చోట ఆయనే ముందు నవ్వారు.

"అది మా పిల్లేనా?"

కాపలా ఆయన లేచి నిలబడ్డాడు. ఆ గొంతుకు కిటికీ అద్దం అదిరింది. "నాకు తెలియనే తెలియదే! ఇంట్లో చదువుతుందా?"

"మీరు పడుకున్నప్పుడు" అంది వాళ్లావిడ మెల్లగా. గది గొల్లుమంది.

నవ్వులు తగ్గాక మా ఆవిడ చెప్పింది. "సార్, ఈ పిల్ల పేరు మొన్నటిదాకా మీ కాగితంలో అన్నిటికంటే కింద ఉంది. ఇంకా అలాంటివాళ్లున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. నిజంగా చదవడం రానివాళ్లూ ఉన్నారు. పేర్లు చెప్పను. వాళ్లకే నేను ఎక్కువ కావాలి. ఆటల మాస్టరు గారిమీద నాకు గౌరవమే గానీ..."

"అమ్మా, నేనూ మొదటినుంచీ అదే మొత్తుకుంటున్నాను!" అన్నాడు ఆటల మాస్టరు.

ఒకాయన చెయ్యెత్తాడు. "అది సరే టీచర్. మా వాడు చురుగ్గా చదువుతాడు. ఎవరికోసమో వాడు ఆగాలా?"

న్యాయమైన ప్రశ్నే. పొద్దుటిదాకా నా ప్రశ్నా అదే. మా ఆవిడ నోరు తెరిచేలోపు మా అమ్మాయి లేచింది. "నేనూ చురుగ్గా చదువుతానండీ. నాకే అందరికంటే ఎక్కువ నక్షత్రాలు. కానీ కుందేలు ఉందని నాకు తెలీనే లేదు. దాంతో కలిసి చదివితే తెలిసింది" అని గుసగుసను చూపించింది.

కుందేలేమిటో ఆయనకు అర్థం కాలేదు. మా ఆవిడ వివరించింది. ఇకనుంచి ఇద్దరికి ఒక ట్యాబ్. ఒకరు చదువుతారు, రెండోవాళ్లు విని ప్రశ్న అడుగుతారు. నక్షత్రాలు ఉంటే ఉండనీ, జవాబు చెబితేనే పాఠం అయినట్టు. ఎవరు చివర్న కూర్చున్నారో, ఎవరి వంతు రాలేదో వారం వారం తనే చూస్తుంది. అలా చేస్తే ట్యాబ్‌లు కూడా అందరికీ సరిపోతాయి.

"మరి ఫలితాలు తగ్గితే?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"తగ్గవు సార్. తగ్గితే నన్నే అడగండి."

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ ఏడాదికి ఒకటే గది. పరీక్షలయ్యాక మళ్లీ చూద్దాం. ముందు ఆ ఫ్యాన్లు వెయ్యండి తల్లీ, ఉడికిపోతున్నాం."

అందరూ బయటికి నడిచారు. బావమరిది ట్యాబ్‌లు దులుపుతూ, అన్నిటికీ మీటలు మళ్లీ సరిచూడాలని గొణుక్కున్నాడు గానీ, ఆ పని అప్పుడే మొదలుపెట్టాడు. నేను మా ఆవిడ కోసం వరండాలో ఆగాను. ఆవిడ రాలేదు. తొంగిచూస్తే, ఒక పిల్లవాడు ఆవిడ బల్ల దగ్గరకు ఒంటరిగా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఏమీ అడగలేదు. పక్కకు కుర్చీ లాగి, పలక ముందుకు జరిపింది.

వరండాలో కాపలా ఆయన ఎవరికో ఫోన్ చేసి కూతురి గొప్ప చెబుతున్నాడు. మెట్ల కింద పిల్లలు కూడా తలెత్తి చూస్తున్నారు. గుసగుస వెళ్లి ఆయన చొక్కా లాగింది.

"నాన్నా, మెల్లగా. లోపల చదువుకుంటున్నారు."

ఆయన ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మళ్లీ చేస్తా" అన్నాడు, జీవితంలో మొదటిసారి అన్నంత మెల్లగా. మేమంతా చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగాం.