కుందా కోసిన రైఫిల్

కోసింది ఒకటిన్నర అంగుళం, అంతకు మించి లేదు, అయినా ఒక మంచి వస్తువు చెడిపోవడానికి ఒకటిన్నర అంగుళం చాలును, అనుకుంటూ రామలింగంగారు అఫ్జల్‌గంజ్‌లోని ఆయుధాల దుకాణంలో నిటారుగా కూర్చున్నారు, మోకాళ్ళ మీద లైసెన్సు పుస్తకం, ఎదుట బల్ల మీద తండ్రిగారి వేట రైఫిల్, దాని మీదికి వంగిన దుకాణదారు అజ్మతుల్లాగారి తెల్లగడ్డం, బయట బస్సుల రొద, తండ్రిగారు ఈ వీధిలోనే మిరియాలు, యాలకులు టోకున అమ్మిన రోజుల్లో ఇంత రొద లేదు, ఆదివారం వస్తే జీపు, అడవి, పందులు, తరువాత వేట నిషేధం, అప్పటినుండి రైఫిల్ మొఘల్‌పురా ఇంటి అల్మారాలో, తాళంచెవి తన జేబులో, ఇప్పుడు వయసు మీదపడి లైసెన్సు వదులుకోవలసి వచ్చింది కనుక అమ్మకం, వచ్చిన దానిలో సగం చెల్లెలు ఇంద్రజది, అది న్యాయమే, కాని ధర ఎవరి మూలంగా పడిపోయిందో ఆమెకు తెలియాలి, దుకాణం ముద్ర వేసిన కాగితం మీద తెలియాలి, ఆ కాగితం కోసమే గదా ఈ ఎండలో రావడం.

నిన్న ఫోనులో ఇంద్రజకు చెప్పనే చెప్పారు, నీ కోసం కుందా కోయించడం వల్లనే దీని విలువ సగమైందని, అన్నా, అరవై ఏండ్లాయె, ఇంక గదే లొల్లా, కోయించింది బాపు, నా చెయ్యి పొట్టిగుంటే నేనేం జెయ్యాలె, అని ఆమె నవ్వింది, నిజమే, అప్పుడు పదిహేనేళ్ళ పిల్ల, భుజానికి ఆనించే ఆ కుందా చెక్క పొడుగై ట్రిగ్గర్ అందకపోతే తండ్రిగారు వడ్రంగి దుర్గయ్యను పిలిపించి, ఆమె భుజం కొలిచి మరీ కోయించారు, ఆ సాయంత్రం కిషన్‌బాగ్ అవతలి బయలులో పన్నెండు కుండలు వరుసగా పెడితే పన్నెండూ పగిలాయి, అంతకుముందు తాను పగులగొట్టినవి నాలుగు, ఆ నాలుగింటి మాట ఎవరూ ఎత్తలేదు, వెక్కిరించనైనా లేదు.

సాబ్, కుందాతోని ఫికర్ లేదు, అంటున్నారు అజ్మతుల్లాగారు, కోసినోడు ఉస్తాద్, గీతకు గీత కలిసింది, ముక్క జోడిస్తే మళ్ల పొడుగైతది, కొనేటోడు దానికి మస్తు తగ్గియ్యడు, గని గీ గొట్టం ఎవరు తోమిండ్రు, గిన్నె తోమినట్టు తోమిండ్రు గదా, తుప్పు పట్టకుండ ఏసే నీలం పూత పోయింది, కంపెనీ పేరు పోయింది, నంబర్ సగం లేదు, సగం ధర గీడనే పాయె సాబ్, ఎవరో నౌకరు పని అయుంటది.

నౌకరు కాదు, ఏ నౌకరునూ తాకనివ్వలేదు, ప్రతి దసరాకు ఆయుధపూజ ముందురోజు ఇత్తడి దీపాలు, తక్కెడ, తూకపు రాళ్ళు, వాటి సరసనే రైఫిల్, చింతపండు, ఇటుకపొడి, కొబ్బరి పీచు, రెండు గంటల పాటు తన చేతులతోనే, ఏమండీ, అది ఇత్తడి కాదు గదా అని వాసవాంబ ఒకసారి అంటే, ఆయుధం అద్దంలా ఉండాలని భార్యకు పాఠం చెప్పారు, ఆ నల్లని నీలాన్ని మురికి అనుకున్నారు, ఏడాదికేడాది తెల్లబడుతుంటే గర్వపడ్డారు, అరవై దసరాలు కాకపోయినా యాభై ఉంటాయి.

ఏం రాయమంటరు, మీరు పెద్దమనిషి, కుందా ఒక్కటే రాస్తా, గొట్టం సంగతి కొనేటోడే చూసుకుంటడు, అని అజ్మతుల్లాగారు కలం తీశారు, మర్యాదస్థులు, ముఖం చూసి గ్రహించి ఉంటారు, రామలింగంగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రాయండి, కుందా వల్ల నష్టం స్వల్పమని రాయండి, తోమినది నౌకరు కాదు, యజమాని అని కూడా రాయండి, అన్నారు, కలం కదులుతోంది, అది చూస్తుంటే నిరుటి దసరా ఎందుకో కళ్ళముందుకు వచ్చింది, గొట్టానికి బొట్టు పెట్టడానికి వంగిన ఇంద్రజ, రైఫిల్ క్లబ్బులో పదేళ్ళు గురి చూసిన మనిషి, ఏ లోహం ఎట్లా ఉండాలో ఎరిగిన మనిషి, కంపెనీ అక్షరాలు ఉండవలసిన చోట వేలు ఆపింది, ఒక్క క్షణం అన్న చేతుల వైపు, చింతపండుకు పాలిపోయిన వేళ్ళ వైపు చూసింది, ఏమీ అనకుండా కుంకుమ దిద్దింది, ఆమెకు తెలుసు, నిరుడే కాదు, ప్రతి ఏడూ తెలుసు.